కొబ్బరి బూజు పట్టకుండా ఎండబెట్టడం ఎలా: గోదావరి డెల్టాకు సరిపోయే సోలార్ డ్రయ్యర్

కార్తీకం వచ్చిందంటే అమలాపురం, రాజోలు వైపు నుంచీ, ఏరు దాటి నరసాపురం, పాలకొల్లు వైపు నుంచీ ఒకటే ప్రశ్న. "కాయ కొట్టి ఆరబోస్తే మూడో రోజుకే బూజు పడుతోంది, ఏం చేయాలి?" సోలార్ డ్రయ్యర్ కట్టుకున్నవాళ్లు కూడా కొందరు ఇదే అడుగుతున్నారు. అందుకే చోటు చూసుకోవడం దగ్గర్నుంచి బస్తా కుట్టే దాకా వరసగా రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి తెలుసుకుంటే మిగతాదంతా తేలిక. మన దగ్గర గాలిలోనే తడి ఎక్కువ. 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉన్న గాలి కొబ్బరిలోని నీటిని పెద్దగా పీల్చుకోలేదు. అదే గాలిని 50 డిగ్రీలకు వేడి చేస్తే దాని తేమ 28 శాతం దగ్గరకు దిగుతుంది, అప్పుడు నీటిని గబగబా లాగేస్తుంది. లాగిన తర్వాత ఆ గాలి బయటికి పోవాలి, కొత్త గాలి రావాలి. చాలామంది వేడి పుట్టించడం వరకూ బాగానే చేసి, గాలి పోయే దారి దగ్గర పిసినారితనం చూపిస్తున్నారు. బూజంతా అక్కడే పుడుతోంది.

ఈ డ్రయ్యర్ అంటే పైపుల చట్రానికి పాలిథిన్ షీటు కప్పిన గూడు, ఎండ వేడిని లోపల పట్టి ఉంచుతుంది. ఇక్కడ చెప్పే కొలతలు ఒక విడతకు 500 కాయలకు. కాయ సైజును బట్టి మన దేశవాళీ రకంలో ఏడెనిమిది కాయలకు కిలో ఎండు కొబ్బరి వస్తుంది కాబట్టి, విడతకు 60 నుంచి 70 కిలోలు అనుకోండి. అంత అవసరం లేనివాళ్లకు చిన్న మార్గం మధ్యలో చెబుతాను. అటక మీద కాయను కాయగానే నెలల తరబడి ఉంచి చేసే కురిడీకి ఈ డ్రయ్యర్‌తో పనిలేదు. ఇది కాయ కొట్టి చెక్కలు ఎండబెట్టేవాళ్ల కోసం.

కావలసినవి

- 20 అడుగుల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు, అంగుళం సైజువి: విల్లుల్లా వంచడానికి 6, అడ్డంగా కట్టడానికి 3
- ఎండలోని యూవీ కిరణాలు తట్టుకునే పాలిథిన్ షీటు, 200 మైక్రాన్లు (దుకాణంలో 800 గేజి అంటారు): 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు
- అరుగుకు ఇటుక, సిమెంటు, ఇసుక
- నేల మీద పరచడానికి నల్ల పాలిథిన్ షీటు
- ట్రేలకు వెదురు బద్దలు లేదా సరుగుడు కర్రలు, చెరువుల వాళ్లు వాడే నైలాన్ వల (కొత్తది)
- 12 వోల్టుల డీసీ ఫ్యాన్లు రెండు, 40 వాట్ల సోలార్ పలక, 12 వోల్టుల రెగ్యులేటర్
- వేడి, తేమ రెండూ చూపించే చిన్న మీటరు
- గ్రాముల్లో చూపించే కాటా

షీటు దగ్గర డబ్బు ఆదా చేయకండి. మామూలు పాలిథిన్ ఒక్క వేసవికే పెళుసెక్కి చిరిగిపోతుంది. యూవీ షీటు జాగ్రత్తగా వాడితే మూడేళ్ల దాకా నిలుస్తుంది.

1. చోటు చూసుకోండి

కోనసీమలో అసలు కష్టం ఇదే. తోటలో నీడ పడని చోటు దొరకడం అరుదు. పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా ఏ చెట్టు నీడా పడకూడదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు. వేసవిలో ఎండ బాగా తగిలిన చోటే చలికాలంలో దక్షిణపు చెట్ల నీడలోకి పోతుంది. కాబట్టి దక్షిణం వైపు ఖాళీగా ఉందో లేదో ముందు చూడండి. చెట్టు కింద అసలే వద్దు. నీడ సంగతి అటుంచితే, రాలిన ఒక్క కాయ చాలు షీటు చిరగడానికి.

డ్రయ్యర్ పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పొడుగు పక్క దక్షిణపు ఎండకు ఎదురుగా నిలుస్తుంది.

తోటలో చోటు లేకపోతే డాబా మీద చిన్నది చేసుకోండి. పాత ఇనుప మంచం చట్రానికి వల బిగించి, పైన వెదురు బద్దలతో గూడులా వంచి ఇదే షీటు కప్పండి. తలవైపు కింద, కాళ్లవైపు పైన జానెడు ఖాళీ వదలండి. 70, 80 కాయలు పడతాయి. కింద చెప్పే మిగతా నియమాలన్నీ దానికీ వర్తిస్తాయి.

2. అరుగు, నేల

10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున చుట్టూ అడుగున్నర ఎత్తు ఇటుక గోడ కట్టండి. వానాకాలంలో మీ దొడ్డిలో నీళ్లు ఎంతవరకు నిలుస్తాయో చూసుకుని, లోపలి నేల దానికంటే కనీసం అడుగు ఎత్తున ఉండేలా మట్టి పోయించండి.

మన డెల్టాలో నేల కింది తడి పైకి ఊరుతూనే ఉంటుంది. నేల పొడిగా కనబడినా నమ్మొద్దు. మట్టి దిమ్మిస వేసి, నాలుగు అంగుళాల ఇసుక పరచి, దాని మీద నల్ల షీటు అంచులు గోడ మీదికి వచ్చేలా వేయండి. ఆ నలుపు ఎండను పట్టుకుంటుంది, కింది తడినీ ఆపుతుంది. సిమెంటు నేల చేయించి నల్ల రంగు వేస్తే ఇంకా మంచిదే కానీ, సిమెంటు కిందా షీటు పరవాల్సిందే.

3. చట్రం

20 అడుగుల పైపును వెల్డింగు షాపులో అర్ధచంద్రాకారంగా వంచించండి. 10 అడుగుల వెడల్పుకు వంపు దాదాపు 16 అడుగులు తీసుకుంటుంది, రెండు చివర్లా రెండేసి అడుగులు మిగులుతాయి. ఆ కాళ్లను గోడలో కాంక్రీటుతో పాతేయండి. నాలుగు అడుగులకు ఒకటి చొప్పున ఆరు విల్లులు. నడినెత్తిన ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి పొడవు పైపు కట్టాలి. మధ్యలో ఆరున్నర అడుగుల ఎత్తు వస్తుంది, తల వంచకుండా తిరగవచ్చు. పైపుల మీద వెల్డింగు గరుకులు, తుప్పు పొరలు ఉంటే రుద్దించేయండి. షీటు ముందు చిరిగేది అక్కడే.

లోపల రెండు పక్కలా మూడేసి అడుగుల వెడల్పున, 18 అడుగుల పొడవున మంచెల్లాంటి బల్లలు వేయండి. నేలకు రెండు అడుగుల ఎత్తు చాలు. వాటి మీద వల ట్రేలు. ఇనుప జల్లెడ వాడితే తుప్పు మరక కొబ్బరికి అంటుకుంటుంది, కొనేవాడు ఆ ముక్కలు పక్కన పెట్టేస్తాడు.

4. షీటు కప్పేటప్పుడు తుపాను గుర్తుంచుకోండి

1996 నవంబరు తుపాను కోనసీమ తోటల్ని ఎలా ఊడ్చేసిందో పెద్దవాళ్లున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఇంచుమించు అవే నెలల్లో మనకు డ్రయ్యర్‌తో ఎక్కువ పని. కాబట్టి షీటును శాశ్వతంగా మేకులు కొట్టి బిగించకండి. గోడ పొడవునా అల్యూమినియం పట్టీ బిగించి, అందులో స్ప్రింగు తీగతో షీటు పట్టించే పద్ధతి పాలీహౌస్‌లు (పంటలు పెంచే షీటు ఇళ్లు) కట్టేవాళ్లకు తెలుసు. అది ఊడదీయడం తేలిక. వాయుగుండం కబురు రాగానే ఇద్దరు మనుషులు షీటు విప్పి, చుట్టి ఇంట్లో పెట్టేయవచ్చు. షీటు లేని చట్రానికి గాలి దెబ్బ బాగా తగ్గుతుంది.

30 అడుగుల్లో 23 అడుగులు పైకప్పుకు వాడి, మిగిలిన ఏడడుగుల ముక్కను నిలువునా రెండు చేస్తే రెండు చివర్లకూ సరిపోతుంది. తూర్పు చివర తలుపు పెట్టుకోండి.

5. గాలి దారులు

తూర్పు గోడలో తలుపుకు అటూ ఇటూ, పక్క గోడల్లో తూర్పు సగం వరకే, ఇటుక సైజు రంధ్రాలు మొత్తం ఎనిమిది వదలండి. ఎలుకలు రాకుండా జల్లెడ కొట్టి, మూసుకోవడానికి చెక్క మూతలు పెట్టండి. పడమర చివర బాగా పైన రెండు ఫ్యాన్లు గాలిని బయటికి నెట్టేలా బిగించండి. వాటి పక్కనే రెండడుగుల పొడవు, అడుగు ఎత్తు కిటికీ ఒకటి ఉండాలి. ఫ్యాను చెడినా పని ఆగదు.

గాలి తూర్పున కింద దూరి, పొడవంతా చెక్కల మీదుగా నడిచి, పడమర పైనుంచి పోవాలి. చలికాలంలో ఈశాన్యపు గాలి కూడా దీనికి తోడవుతుంది. పక్క గోడల్లో పడమర వైపు కూడా రంధ్రాలు పెడితే గాలి అక్కడ దూరి అక్కడే బయటపడుతుంది, తూర్పు సగం ఉక్కపోస్తుంది.

ఫ్యాన్లకు బ్యాటరీ అక్కర్లేదు. ఎండ ఉన్నప్పుడే తిరిగితే చాలు. కాకపోతే 12 వోల్టుల పలక అన్నా మంచి ఎండలో 17, 18 వోల్టులు ఇస్తుంది. మధ్యలో రెగ్యులేటర్ లేకపోతే ఫ్యాన్లు కాలిపోతాయి.

6. ఖాళీగా ఒక రోజు చూడండి

కాయ కొట్టకముందే మంచి ఎండ ఉన్న రోజు మీటరును బల్ల మీద, నేరుగా ఎండ తగలకుండా అట్టముక్క నీడలో పెట్టండి. మధ్యాహ్నం 50 నుంచి 60 డిగ్రీల మధ్య చూపించాలి. 45 కూడా దాటకపోతే నీడో, షీటు సందులో, కింద తడో కారణం అయి ఉంటుంది. 65 దాటుతుంటే రంధ్రాలు సరిపోలేదు. అగరువత్తి వెలిగించి ఒక్కో రంధ్రం దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి లాగాలి. ఏ రంధ్రం దగ్గరైనా బయటికి వస్తుంటే అక్కడ దారి సరిగా లేదు. చూడటం కాగానే అగరువత్తి బయట పెట్టేయండి.

7. కాయ

ముదురు కాయే కావాలి. పన్నెండో నెలలోకి వచ్చిన కాయ, ఊపితే నీళ్లు గలగలమనాలి. దింపిన వెంటనే కొట్టకుండా డొక్కతోనే (పైపీచుతోనే) నీడన మూడు, నాలుగు వారాలు ఉంచితే కొబ్బరిలో నీరు కొంత తగ్గుతుంది, చిప్ప కూడా సులువుగా వదులుతుంది. దింపులో లేత కాయలు కలిసి వస్తే వేరుచేసి ఇంటికి వాడుకోండి. అవి ఎండితే తోలులా సాగుతాయి, ముడతలు పడతాయి, మంచి సరుకు ధర కూడా తగ్గిస్తాయి.

కొట్టేది పొద్దున ఆరు, ఏడు గంటలకే. ముందురోజు సాయంత్రం కొట్టి రాత్రంతా కుప్పపోస్తే తెల్లారేసరికి జిగురు పడుతుంది, దాని మీద బూజు ఖాయం. కొట్టిన నాలుగు గంటల్లోపు చెక్క డ్రయ్యర్‌లో ఉండాలి. వలుపు, కొట్టడం చేసే మనుషులు మధ్యాహ్నానికి గానీ రారంటే ఆ పని మర్నాటికి మార్చండి. కాలవ నీళ్లతో కడగకండి. మట్టి అంటితే పొడి గుడ్డతో తుడవండి.

8. మొదటి రోజు

చెక్కల్ని అరగంట బోర్లా పెట్టి నీరు కారనివ్వండి. తర్వాత వెల్లకిలా, ఒకే వరసలో పరవండి. చదరపు అడుగుకు తొమ్మిది చెక్కల దాకా పడతాయి, రెండు బల్లల మీద దాదాపు వెయ్యి చెక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా సర్దుకోవచ్చు. ఎక్కించి పరిస్తే కింది చెక్క పై చెక్క ఆవిరిలో ఉడుకుతుంది.

నీళ్లు ఎక్కువగా పోయేది మొదటి రోజే. అన్ని రంధ్రాలూ, కిటికీ, ఫ్యాన్లూ తెరిచే ఉంచండి. వేడి 48, 50 దగ్గరే ఆగిపోయిందని కంగారుపడి మూసేయకండి. షీటు లోపల నీటి బొట్లు కడుతున్నాయా అని గంటకోసారి చూడండి. బొట్లు కనిపించినా, మీటరులో తేమ 60 దాటి దిగకపోయినా తలుపు కూడా తెరవాలి. ఆ బొట్లు తిరిగి కొబ్బరి మీదే రాలతాయి.

9. రాత్రి

మొదటి రాత్రి రంధ్రాలు మూసి, పై కిటికీ మాత్రం నాలుగు వేళ్ల సందు వదలండి. చెక్కల్లో ఇంకా చాలా తడి ఉంటుంది, పూర్తిగా బిగిస్తే లోపలే చెమర్చుకుంటుంది. రెండో రాత్రి నుంచి సాయంత్రం 5 గంటలకల్లా అన్నీ బిగించేయండి. మార్గశిరం, పుష్యంలో మన మంచు ఎలా ఉంటుందో తెలిసిందే. తెరిచి ఉంచితే పగలు పోగొట్టిన తడిలో కొంత రాత్రికి రాత్రి వెనక్కి వస్తుంది. పొద్దున షీటు మీద మంచు ఆరి, లోపల వేడి బయటికంటే పెరిగాకే తెరవండి.

10. చిప్ప తీయడం

రెండో రోజు సాయంత్రానికి కొబ్బరి ముడుచుకుని చిప్ప అంచు నుంచి విడిపోతూ కనిపిస్తుంది. వేలితో నొక్కితే కదలాలి. అప్పుడు కత్తి మొన దూర్చి లేపితే గిన్నెలా ఊడొస్తుంది. ఇంకా గట్టిగా పట్టుకుని ఉంటే బలవంతం చేయకండి, ముక్కలైతే రేటు పడిపోతుంది. ఇంకో పూట ఆగండి. తీసిన చిప్పలు పారేయకండి, వాటితో పని ఉంది.

ఆ రోజే పది గిన్నెలకు గుర్తు పెట్టి, కలిపి తూకం వేసి రాసుకోండి. రోజూ సాయంత్రం అవే పది తూయాలి.

11. మూడు, నాలుగు రోజులు

గిన్నెల్ని ఒక పూట వెల్లకిలా, ఒక పూట బోర్లా తిప్పండి. నడుమ ట్రేలను అంచులకు, అంచులవి నడుమకు మార్చండి. ఇప్పుడు తడి తక్కువ కాబట్టి రంధ్రాలు సగం మూసి వేడిని 55, 60 దాకా పెరగనివ్వవచ్చు. 65 మాత్రం దాటనివ్వకండి. పైపొర గట్టిపడి లోపలి నీళ్లు బయటికి రాలేక నిలిచిపోతాయి. చూపుకు గోధుమ రంగులో చక్కగా ఎండినట్టుంటుంది, బస్తాలో కుళ్లుతుంది.

మంచి ఎండలో నాలుగు రోజులు, మబ్బు పడితే ఐదారు రోజులు పడుతుంది.

ఎండిందని ఎలా తెలుస్తుంది?

పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరే. నిల్వకు తేమ 6 శాతానికి రావాలి. ప్రభుత్వం మద్దతు ధరకు కొనే మిల్లింగ్ (నూనె ఆడే) కొబ్బరికి కూడా 6 శాతమే హద్దు, కురిడీకి 7. లెక్క కట్టి చూస్తే కిలో పచ్చి కొబ్బరి 530 గ్రాముల దగ్గరకు దిగాలి. గుర్తు పెట్టిన గిన్నెల తూకం వరసగా రెండు సాయంత్రాలు మారకపోతే అవి ఎండాయని అనుకోవచ్చు. అయితే ఆ రెండు రోజులూ ఎండ ఉండి తీరాలి. మబ్బు రోజున తూకం తగ్గకపోవడం గాలిలో తడికి గుర్తు, అది లెక్కలోకి రాదు.

తూకం ఒక్కటే నమ్మకుండా ఇవి కూడా చేయండి. అన్నింటికంటే మందమైన గిన్నె తీసుకుని విరవండి. టక్కున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే. విరిగిన అంచు చూడండి, మధ్యలో తెల్లని తడి గీత కనబడకూడదు. నాలుగు ముక్కలు పొడి గాజు సీసాలో వేసి, మూత బిగించి గంటసేపు ఎండలో పెట్టండి. లోపల ఆవిరి పట్టిందంటే ఆ విడత ఇంకో రోజు ఉండాలి. అంబాజీపేట లాంటి చోట వ్యాపారుల దగ్గర తేమ మీటరు ఉంటే, అమ్మకానికి పోకముందే ఒక నమూనా చూపించి మీ సీసా పరీక్షతో పోల్చుకోండి.

10 శాతం తేమతో ఉన్న క్వింటాలు 6 శాతానికి ఎండితే 96 కిలోలకు దిగుతుంది. ఆ నాలుగు కిలోల ఆశతో ముందే బస్తా ఎత్తేవాళ్లున్నారు. 2025 సీజన్‌కు మిల్లింగ్ కొబ్బరి మద్దతు ధర క్వింటాలుకు 11,582 రూపాయలుగా ఉండేది. ఆ లెక్కన నాలుగు కిలోలంటే 460 రూపాయల చిల్లర. బూజు పట్టిన బస్తా మొత్తానికే పోతుంది.

ముసురు పట్టుకుంటే

మూడు రోజులు సూర్యుడు కనబడకపోతే ఏ సోలార్ డ్రయ్యరూ ఎండబెట్టలేదు. వాతావరణ కబురు చూసుకుని, కనీసం రెండు రోజుల ఎండ ఉందంటేనే కాయ కొట్టండి. కొట్టాక ముసురు పడితే వేరే వేడి ఇవ్వాలి. ఇక్కడే చిప్పలు పనికొస్తాయి. కేరళలో కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ చిప్పలే ఇంధనంగా నడిచే డ్రయ్యర్లు రూపొందించింది. పద్ధతి ఏమిటంటే మంట వేరే గదిలో ఉంటుంది, దాని వేడి మాత్రమే కొబ్బరికి తగులుతుంది, పొగ గొట్టం గుండా బయటికి పోతుంది. ఊళ్లో నలుగురు కలిసి అలాంటిది ఒకటి పెట్టుకుంటే అందరి సరుకూ గట్టెక్కుతుంది.

పాలిథిన్ డ్రయ్యర్ లోపల మాత్రం నిప్పుల కుంపటి పెట్టకండి. షీటు అంటుకుంటుంది, మూసిన చోట బొగ్గు గాలికి మనిషి స్పృహ తప్పుతాడు. డొక్కల పొగలో కొబ్బరి ఆరబెట్టడం కూడా మానేయండి. ఆ మసి తినే వస్తువు మీద చేరుతుంది, నూనెలోకీ దిగుతుంది. తెల్లగా కనబడాలని గంధకం పొగ పట్టడం అంతకంటే తప్పు.

తప్పు ఎక్కడ జరిగిందో ఇలా పట్టుకోండి

పైన జిగురు, పుల్లటి వాసన: కొట్టాక ఆలస్యం, లేదా మొదటి రోజు గాలి దారులు మూశారు.

పైన గోధుమ రంగు, లోపల మెత్తన: వేడి 65 దాటింది.

ముడతలు, సాగడం: లేత కాయ.

ఒక చివర బాగా ఎండి, ఇంకో చివర బూజు: ట్రేలు మార్చలేదు, లేదా గాలి పొడవంతా నడవడం లేదు. మళ్లీ అగరువత్తి పరీక్ష చేయండి.

పసుపుపచ్చగా, ఆకుపచ్చగా బూజు: ఇది అన్నింటిలోకీ ప్రమాదం. ఆ రంగు బూజుల్లో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టించేవి ఉంటాయి. తుడిచి ఎండలో పెడితే బూజు పోయినట్టు కనిపిస్తుంది, విషం పోదు. ఆ ముక్కలు గానుగకు ఇవ్వకండి. పశువులకు పెట్టకండి, పాలలోకి వస్తుంది. లంకల్లో బాతులు పెంచేవాళ్లు మరీ జాగ్రత్త, బాతులు ఈ విషానికి తట్టుకోలేవు. పాతిపెట్టేయండి.

12. బస్తాకు ఎత్తడం

మధ్యాహ్నం వేడిగా ఉన్న కొబ్బరిని నేరుగా బస్తాలో పోస్తే లోపల చెమర్చుతుంది. అలాగని సాయంత్రం ఆరుబయట ఆరబోస్తే మంచు పీల్చుకుంటుంది. మూడు గంటలకు తీసి, ఇంట్లో పొడి గదిలో రెండు గంటలు పరచి, చల్లబడగానే నింపండి. పొడి గోనె సంచిలో పాలిథిన్ లోసంచి పెట్టి, మూతి బిగించి కట్టండి. బస్తాలు నేల మీద కాకుండా కొయ్య పలకల మీద, గోడకు అడుగు దూరంలో ఉండాలి. పాత కొబ్బరి పక్కన పెట్టకండి, దానిలోని పురుగు కొత్తదానికి ఎక్కుతుంది.

పదిహేను రోజులకు ఒక బస్తా విప్పి, మధ్యలో చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలినా, ముక్కిన వాసన వేసినా ఆ విడతంతా ఒక రోజు డ్రయ్యర్‌కు తిరిగి వెళ్లాలి.

కొబ్బరి లేని నెలల్లో డ్రయ్యర్‌ను ఖాళీగా ఉంచక్కర్లేదు. తోటలో అంతరపంటగా కోకో ఉన్నవాళ్లు పులియబెట్టిన గింజలు ఎండబెట్టుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మామిడి తాండ్ర చేసేవాళ్లకు దుమ్మూ ఈగలూ తప్పుతాయి. మిరప, పసుపు కూడా సరే. ఎండుచేపలు మాత్రం ఇందులో వద్దు. ఆ వాసన వలకు, కర్రలకు పట్టిందంటే తర్వాత వేసిన కొబ్బరికి కూడా వస్తుంది. వాటికి ట్రేలే కాదు, డ్రయ్యరే వేరుగా ఉండాలి.